చిరుతకూనకు పిల్లి పాలు

కాలువ కింద వరి కొత్తగా మొదలైన రోజులు. మాన్వి నుంచి రాయచూరు పోయే బస్సులో పక్క సీటాయన ఒళ్ళో బుట్ట, బుట్టలో చిరుతకూన. చెయ్యి చాపాను.

"ముట్టద్దన్నా! మీ ఇంట్ల పిల్లుందా?"

"ఉంది. అయితే ఏంది, నా చేతికి మైలంటిందా?" అని గయ్యిమన్నాను.

ఆయన సర్కస్‌లో జంతువుల్ని సాకేవాడట. తల్లి చిరుత చచ్చిపోతే, మూడు కూనలకు పాలిస్తుందని బియ్యం మిల్లు నుంచి ఈనిన పిల్లిని తెచ్చాడు.

"దాని పిల్లలు ముందు వారమే చచ్చినయ్. పాలున్నయ్ కదా అని సంబరపడి తెచ్చిన. ఎందుకు చచ్చినయని అడగలే."

పిల్లుల వైరస్ కూనలకు అంటిందట. మనుషుల చేతులు, బట్టలతో కూడా వస్తుందట. రెండు కూనలు తల ఎత్తలేకుండా అయి చచ్చిపోయాయి. బుట్టలో ఉన్న మూడోది నిన్నటి నుంచి పాలు ముట్టలేదు.

"చిరుతంతటి దానికి పిల్లి జబ్బేంది?"

"అదీ పిల్లి జాతే కదన్నా."

పిల్లి జబ్బు చిరుతకు అంటుతుందని నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు. దిగాక పశువుల ఆసుపత్రి దాకా వెంట పోయాను. వరండాలో ఒకామె ఒళ్ళో పిల్లి ఉంది. దానికి జబ్బంటుతుందని ఆయన రోడ్డు మీదే ఆగిపోయాడు.

"డాక్టరు రోడ్డు మీదికి రావాల్నా?" అన్నాడు కాంపౌండర్. నా నోటి సంగతి ఆయనకు తెలియదు. డాక్టరు చేతులు కడుక్కుని వచ్చేదాకా అరిచాను.

మూతి తెరవబోతే కూన డాక్టరు వేలు కరిచింది.

"కరిచింది సార్, కరిచింది!" అంటూ బుట్టాయన నడిరోడ్డు మీద ఏడుస్తూ నవ్వాడు.