చాలమ్మ దీపంలో నీళ్లు

ఇలా దగ్గరకి జరిగి కూర్చోండి. నలుగురూ వినేలా చెప్పే మాట కాదిది. ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చేపల గంపయితే సంతకి చేరగానే దించుకోవచ్చు. దీన్ని ఎక్కడ దించాలో ఇన్నేళ్లూ తెలియలేదు. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు వంకరగా పడతాయి గానీ జరిగింది జరిగినట్టు గుర్తుంది. నా పేరు మాత్రం అడక్కండి. క్షమించమని అడగడానికి రాస్తున్నానని కూడా అనుకోకండి.

మాది భావనపాడు దగ్గర సముద్రపొడ్డు ఊరు. మగవాళ్లు వేటకి వెళ్తారు, ఆడవాళ్లం చేపలు ఎండబెట్టి అమ్ముతాం. మా మామగారి పేరు తులసి. బుర్రమీసాలు, ఒంటిచేత్తో లంగరు లాగే మనిషి. ఐసు తెచ్చే లారీ డ్రైవరు కొత్తలో "తులసమ్మగారి ఇల్లెక్కడ" అని అడిగితే ఆయనే ఎదురెళ్లి, "నేనేరా తులసమ్మని, రా" అన్నాడట. ఆయన బతికున్నన్నాళ్లూ అది ఆడపేరన్న ఊహే మాకెవరికీ రాలేదు.

కిడ్నీ జబ్బుతో ఆయన పోయాడు. మా ఇంట్లో పోయినవాళ్ల పేరు ఆ తర్వాత పుట్టినవాళ్లకి పెడతారు. నా కొడుకులిద్దరూ ఆయన ఉండగానే పుట్టారు కాబట్టి వాళ్లకి రాలేదు. మరుసటి ఏడు నా తోటికోడలు మూడోసారి నీళ్లోసుకుంది. అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు. మూడోదీ ఆడపిల్లే.

మా అత్త ఆ పిల్లకి చాలమ్మ అని పేరు పెడదామంది. ఇక ఆడపిల్లలు చాలమ్మా, మగబిడ్డనియ్యి అని దేవతకి చెప్పుకోవడమన్నమాట. తులసి పేరు ఆ రాబోయే మగబిడ్డ కోసం దాచాలంది.

నా తోటికోడలు ఆ ఇంట్లో అప్పటిదాకా గొంతెత్తలేదు. ఆవేళ పురిటి మంచం మీంచే అంది: "తులసి ఆడపేరే గదత్తా. మా ఊర్లో ముగ్గురు తులసిలున్నారు, ముగ్గురూ ఆడోళ్లే. దీనికే ఎట్టీయండి."

"మీ ఊర్లో ఆడదేమో. ఈ ఇంట్లో మగోడు. మీసాలున్న పేరే అది," అంది అత్త.

మా మరిది వల బాగుచేసుకుంటూ తలెత్తలేదు. రెండు రోజులు ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు. చివరికి దీపాలు పెడదామంది అత్త. ఆవిడ పుట్టిల్లు ఒడిశా సరిహద్దు దాటాక ఉన్న ఊరు, ఆ పద్ధతి అక్కడినుంచి తెచ్చుకుంది. పిల్ల పుట్టిన ఇరవై ఒకటో నాడు పేరుకొక దీపం వెలిగిస్తారు. ఏ దీపం ఎక్కువసేపు నిలిస్తే ఆ పేరు. మనుషులు తేల్చలేనిది దీపం తేలుస్తుంది, ఆయనే వచ్చి చెప్తాడు అంది. తన చేతులు వణుకుతాయని ప్రమిదల పని నాకు అప్పగించింది. నన్ను నమ్మింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎండుచేపల బేరానికి కళింగపట్నం వైపు నుంచి ఒక చాలమ్మ వచ్చేది. జుట్టు నెరిసిన మనిషి, బేరంలో గడుసుది, ఎవరికీ లొంగదు. కానీ ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ముందు ఒక్కసారి తల దించుకుని, ఆ తర్వాతే పలికేది. నేను చాలాసార్లు చూశాను. అరవై ఏళ్ల మనిషికి కూడా అది అలవాటు కాలేదు.

ప్రమిదలు ముందు పెట్టుకున్నప్పుడు నాకు ఆ దించిన తలే కనిపించింది. పుట్టి ఇరవై ఒక్క రోజులైన పిల్ల జీవితమంతా అలా తల దించుకుని పలకాలా? దేవుడికి మనం చెప్పుకోవలసిన మాటని పిల్ల నెత్తిన ఎందుకు రాయాలి? ఇవన్నీ అప్పుడే అనుకున్నానా, తర్వాత నాకు నేను సర్ది చెప్పుకున్నానా? తెలియదు. చేతులు మాత్రం ఆగలేదు. చాలమ్మ ప్రమిదలో అడుగున రెండు చెంచాల నీళ్లు పోసి, పైన నూనె పోశాను. తులసి ప్రమిద నిండా నూనే. పైకి రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

పొద్దున్నే వెలిగించాం. అత్త చేతులు జోడించుకుని కదలకుండా కూర్చుంది. కాసేపటికి చాలమ్మ దీపం చిటపటమంది. రెండుసార్లు ఎగిరి ఆరిపోయింది. రెండోది నిలకడగా వెలుగుతూనే ఉంది. అత్త పిల్లని ఎత్తుకుని చెవి దగ్గర నోరు పెట్టింది. తులసి అంటుందనుకున్నాను.

"వచ్చినావా మావా," అంది.

ఆ మాట విని నా తోటికోడలు ఏడ్చింది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

పది రోజుల తర్వాత, ఒడ్డున నేనూ అత్తా ఎండుచేపలు తిరగేస్తున్నాం. నా మొగుడూ మరిదీ వేటకెళ్లి ఉన్నారు. తల వంచుకునే అడిగింది.

"ఒసే కోడలా, ఆ దీపం సిటపటనింది. ఒత్తికి నీరు తగిల్తేనే అలగంటాది. ఏటి సేసినావు?"

"ఏటీ సెయ్నేదత్తా."

"నూనె సమానంగానే ఏసినావా?"

"సమానంగానే ఏసినాను."

"గంగమ్మ మీద సెప్పు."

మొగుడు నీళ్ల మీద ఉండగా గంగమ్మ మీద అబద్ధపు ఒట్టు ఏ ఆడదీ వెయ్యదు. మా అత్తకి అది తెలుసు. అందుకే అడిగింది. నేను సముద్రం వైపు చూడలేదు.

"గంగమ్మ తోడు," అన్నాను.

అత్త మళ్లీ చేపలు తిరగేసింది.

ఆ మధ్యాహ్నం ఎలా గడిపానో నాకే తెలుసు. ఒడ్డుకొచ్చే ప్రతి పడవనీ చూశాను. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి గంగమ్మతో మాట్లాడాను. తప్పయితే నాది, నన్ను తీసుకో, వాళ్ల జోలికి పోకు అన్నాను. అంతేగానీ ఒట్టు వెనక్కి తీసుకుంటానని అనలేదు. అది గుర్తుంది. వాళ్లు సాయంత్రానికి వచ్చారు. గంగమ్మ ఒప్పుకుందో, ఇంకా నన్ను చూస్తూనే ఉందో నేను చెప్పలేను.

తులసి పెరిగింది. బడిలో టీచరు చక్కటి ఆడపిల్ల పేరంటే, ఇంటికొచ్చి "మరి తాతకి ఆడపేరెందుకెట్టినారు?" అని అడిగింది. అత్త పడీపడీ నవ్వింది. ఆ పిల్లతో ఆవిడ పాత పోట్లాటలన్నీ తీర్చుకునేది. "ఆ రోజు కూరలో ఉప్పు నేదని కొట్టినావు గదేటి మావా," అనేది. పిల్ల ఆడుకుంటూనే, "సర్లే ముసలీ, ఇంకెప్పుడూ కొట్టన్లే," అనేది. అదంతా నా అబద్ధం మీద నిలబడిన ముచ్చటే. ముచ్చట మాత్రం అబద్ధం కాదు.

పోయినేడు అత్త పోయింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నమ్మి అడగలేదా, తెలిసే ఊరుకుందా?

ఇంతవరకూ తలెత్తుకునే చెప్పాను. ఇక్కడ మాత్రం ఎత్తలేను. తులసి తర్వాత రెండేళ్లకి మగపిల్లాడు పుట్టాడు. పేరు అయిపోయింది కదా. మా మరిది టీవీలో చూసి కిరణ్ అని పెట్టాడు. ఆ పేరుతో వాడి తరగతిలో ఒక ఆడపిల్ల కూడా ఉంది, దానికెవరూ పోట్లాడలేదు. కానీ మావ తులసిలోకి వచ్చేశాడని నమ్మిన అత్త వాడిని ఒక్కసారీ ఒళ్లో కూర్చోబెట్టుకోలేదు. కొట్టలేదు, తిట్టలేదు, ఎత్తుకోలేదు అంతే. మొన్న వాడు నన్ను అడిగాడు: "పెద్దమ్మా, నానమ్మకి నానంటే ఎందుకిష్టం నేదు?"

"ఉన్నాదిరా," అన్నాను. అదీ అబద్ధమే. ఒకరి తల దించకుండా చూడబోయి ఇంకొకరికి ఒళ్లు లేకుండా చేశాను. ఆ పిల్లాడికి నేను బాకీ. పెద్దయ్యాక వాడికి ఇదంతా నా నోటితోనే చెప్తాను. తిడితే పడతాను.

అయినా ఒక మాట. రేపు మళ్లీ ఆ ప్రమిద నా చేతికిస్తే? మళ్లీ నీళ్లే పోస్తాను. తప్పని తెలిసీ పోస్తాను. మీరు ఏమైనా అనుకోండి. చెప్పేశాను, ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది, నాకంతే చాలు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీవాళ్లు ఎంత దూరం వెళ్లినా పొద్దు వాలకముందే గుమ్మం చేరాలి. మీ పిల్లలందరికీ ఎక్కడానికి ఒక ఒళ్లు ఉండాలి. ఇక లేవండి, మీ పొయ్యి మీద అన్నం ఉడికిపోయి ఉంటుంది.