లేని పాదం దురద

రెండు వేల రెండు, మే నెల చివరి వారం. ఢిల్లీ కంటోన్మెంట్ స్టేషన్‌లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. వేడిగాలి ముఖాన దుమ్ము కొడుతోంది. భుజాన పరుపుచుట్ట, చేతిలో రేకుపెట్టె, జేబులో యూనిట్ ఇచ్చిన ఆర్డరు. సరిహద్దు నుంచి కూర్చునే ప్రయాణం చేశాను. నడుము పట్టేసింది. స్టేషన్ బయట మిలిటరీ బస్సు ఎక్కి ఆసుపత్రి గేటు ముందు దిగాను.

సైనికుడి డ్యూటీ అనగానే మీకు తుపాకీ, కొండలు, మంచు గుర్తొస్తాయి. ఈ డ్యూటీలో నాకు తుపాకీ లేదు. మా ట్రక్కు డ్రైవర్ మందుపాతర మీద కాలు వేశాడు. ఎడమకాలు మోకాలి కింద నుంచి తీసేశారు. అతనికి తోడుగా ఉండటమే నా పని. ఇద్దరిదీ తెలుగు కావడం తప్ప నన్ను ఎంచడానికి వేరే కారణం లేదు. అతనిది కరీంనగర్ వైపు, నాది ప్రకాశం జిల్లా. మా సుబేదార్ సాబ్ ఇచ్చిన ఆజ్ఞ కూడా చిన్నదే. "వాణ్ణి ఒంటరిగా వదలొద్దు."

పొడవాటి వార్డు. రెండు వరుసల మంచాలు. ఆ ఏడాది సరిహద్దులో మందుపాతరలు పరిచారు. వార్డులో ఎక్కువమందిది అదే గాయం. డెట్టాల్ వాసన, కూలర్ హోరు. కరెంటు పోతే ఆ హోరూ ఉండదు. డ్రైవర్‌కి ఒళ్ళు తుడవడం, మూత్రం సీసా పట్టడం, అన్నం పెట్టడం, కట్టు మార్చేటప్పుడు భుజాలు పట్టుకోవడం. నా పడక వరండాలో. నేల రాత్రి కూడా చల్లబడేది కాదు.

ఆదివారం యూనిట్ నుంచి ఫోను వచ్చేది. "ఎలా ఉన్నాడు?" "ఠీక్ హై సాబ్." అంతే.

సాయంత్రం టీ వేళ మాత్రం వార్డులో కాస్త ప్రాణం వచ్చేది. హర్యానా రేడియో ఆపరేటర్ ఒకడు కుడికాలు పోగొట్టుకుని కిటికీ పక్క మంచంలో ఉండేవాడు. వైర్‌లెస్ సెట్‌లో పిలిచినట్టే గట్టిగా పిలిచేవాడు. "ఆజ్ క్యా పతా చలా? ఓవర్." ఇవాళ కొత్తగా ఏం తెలిసిందని. మంచానికొకరు ఒక వింత సంగతి చెప్పాలి. పకోడీల కాగితంలో చదివిందైనా సరే, డాక్టర్ నోట విన్నదైనా సరే. ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయని ఒకడు. జిరాఫీ మెడలో ఎన్ని ఎముకలో మన మెడలోనూ అన్నేనని ఇంకొకడు. నిప్పుకోడి కన్ను దాని మెదడు కంటే పెద్దదని విని లంగర్‌లో జవాన్లకు వండే వంటవాడు, "రేషన్ కొలిచిచ్చే మా క్వార్టర్‌మాస్టర్ కూడా అంతే" అన్నాడు. వాడికీ కాలు లేదు. నేను అశోకా రోడ్డు వైపున్న తెలుగు భోజనశాలకి వెళ్ళి డ్రైవర్ కోసం గోంగూర, అన్నం పొట్లం కట్టించుకొచ్చినప్పుడు ఆ కాగితం కూడా దాచి తెచ్చేవాణ్ణి.

ఒకరోజు ఫిరంగి దళంవాడొకడు మామూలుగానే మొదలుపెట్టాడు. "మనిషి ఒంట్లో ఉన్న ఎముకల్లో నాలుగో వంతు పాదాల్లోనే ఉంటాయట."

ఎవరూ నవ్వలేదు. చెప్పినవాడు కూడా తన దుప్పటి వైపు చూసుకున్నాడు. ఒక్కొక్కరే గ్లాసులు కిందపెట్టారు.

డ్రైవర్ ఆ రోజు నుంచి మాట తగ్గించాడు. తిండి తగ్గించాడు. మోకాలి వ్యాయామానికి రానని మొండికేశాడు. మోకాలు బిగుసుకుపోతే కృత్రిమ కాలు పెట్టడం కష్టమని సర్జన్ హెచ్చరించారు. తలూపాడు, కదల్లేదు. ఒక మధ్యాహ్నం గడ్డం గీస్తుంటే నా మణికట్టు పట్టుకున్నాడు.

"అన్నా, గా కాలు దురద వెడ్తాంది."

"ఏ కాలు?"

"లేని కాలే. అరికాల్ల. గోకుదామని చెయ్యి వెడ్తె పక్కబట్ట దొరుకుతది. నాకు పిచ్చి లేసినట్టుంది. ఎవలకు జెప్పకు. పిచ్చోళ్ళ వార్డుల ఏస్తరు."

చెప్పనన్నాను. గడ్డం గీయడం పూర్తిచేశాను.

వార్డు చూసే సిస్టర్‌ది బాపట్ల. హోదాలో ఆఫీసరు, పిలుపులో సిస్టర్. మెడలో చిన్న శిలువ. డ్యూటీ దిగి వరండాలో చెమట తుడుచుకుంటోంది. సెల్యూట్ కొట్టి, పేరు చెప్పకుండా అడిగాను. తీసేసిన కాలికి దురద పెడుతుందా అని.

"పెడుతుంది బాబూ. నొప్పి కూడా పుడుతుంది. పిచ్చేం కాదు. కాలు పోయినా మెదడులో దాని చోటు పోదు. నేను చూసినోళ్ళలో చాలామందికి ఉంది. అడిగితే ఒక్కడూ చెప్పడు. బాగున్నాం సిస్టర్ అంటారు."

"మీరొచ్చి అతనికి చెప్పండి సిస్టర్."

"నేను చెబితే ఓదారుస్తున్నాననుకుంటాడు. రోజూ టీ దగ్గర ఏవో కబుర్లు చెప్పుకుంటారుగా. అక్కడ చెప్పు."

ఆ సాయంత్రం నా వంతు వచ్చింది. డ్రైవర్ వైపు చూడకుండా హిందీలో చెప్పాను. "తీసేసిన కాలికి కూడా దురద పెడుతుందట. అది పిచ్చి కాదట."

డ్రైవర్ కళ్ళు మూసుకున్నాడు. మాట తప్పానని అతను నన్ను ఇక క్షమించడనుకున్నాను.

"ఎవరు చెప్పారు?" రేడియో ఆపరేటర్ అడిగాడు.

"సిస్టర్."

అతను కట్టు కట్టిన మోకాలి వైపు వేలు చూపించాడు. "అంగూఠా. నా బొటనవేలిని ఎవడో మెలిపెడుతుంటాడు. రోజూ."

"నాకు తడి మేజోడు," అన్నాడు ఫిరంగివాడు. "బూటులో నీళ్ళు పోయినట్టు. విప్పుదామంటే బూటు లేదు."

వంటవాడు దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. లోపలి నుంచే అన్నాడు. "నేనొక్కణ్ణే అనుకున్నాను."

వరుసలో ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. మడమ. చీలమండ. గోరు. వారాల తరబడి పక్కపక్క మంచాల్లో పడుకుని ఒకరికొకరు దాచిన సంగతి అది. చివరికి డ్రైవర్ కళ్ళు తెరిచాడు. "అరికాల్ల," అన్నాడు తెలుగులోనే. నేను హిందీలో చెప్పాను. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. అలసిపోయినవాళ్ళ నవ్వు, చప్పుడు తక్కువ. డ్రైవర్ నవ్వుతూనే ఏడ్చాడు. చల్లారిన టీ అంతా తాగేశాడు.

మర్నాడు పొద్దున వ్యాయామానికి తనే చక్రాల కుర్చీ అడిగాడు. దురద పోలేదు. భయం పోయింది. తర్వాత పుణెలో కృత్రిమ కాలు పెట్టారు. స్టోర్సులో కూర్చునే పని ఇచ్చారు. పండగలకి ఫోను చేస్తే ఇప్పటికీ ముందు అదే చెబుతాడు. "అన్నా, ఇంకా వెడ్తాంది."

నేను యూనిట్‌కి తిరిగి వెళ్ళిన రోజు ఢిల్లీలో తొలి వాన కురిసి వెలిసింది. వద్దన్నా వినకుండా చంకకర్రల మీద గేటు దాకా వచ్చాడు. చెప్పు ఎక్కడో బురదలో కూరుకుపోతే వదిలేశాడు. "పైలం అన్నా" అన్నాడు, జాగ్రత్త అని. సెల్యూట్ చెయ్యబోయి తూలితే పట్టుకున్నాను. బస్సు ఎక్కి వెనక్కి చూశాను. అప్పటికే అతను వార్డు వైపు తిరిగాడు. తడిమట్టి మీద అతని దారి కనిపించింది. ఒక పాదం, అటూ ఇటూ రెండు గుండ్రటి గుంటలు. మళ్ళీ ఒక పాదం. వాటిలోకి మెల్లగా నీళ్ళు ఊరుతున్నాయి.