ఎర్రగా పండిన గోళ్లు

ములుగు నుంచి వరంగల్ వచ్చే పొద్దటి బస్సులో నా పక్కన ఒక పెద్దమ్మ కూర్చుంది. నిద్ర లేక నాకు తల పగిలిపోతుంటే, ఆమె బ్లేడు ముక్కతో బొటనవేలి గోరు గీకుతూనే ఉంది.

"జర ఆపుతవా పెద్దమ్మా?" అని కసిరాను.

"దవాఖానల ఆపరేషనుంది బిడ్డా. గోర్లకు రంగుండద్దన్నరు. మనుమరాలేమో గోరింటాకు పెట్టింది. పోయినసారి షుగరుందని వాపస్ పంపిండ్రు. గిప్పుడు గోర్లు జూసి పంపుతరేమో."

గీకిన గోరు పలచబడి, కింద చర్మం గులాబీ రంగులో కనిపిస్తోంది. మిగతావన్నీ ఎర్రగా పండి ఉన్నాయి. ఫోన్‌లో వెతికాను.

"ఆక్సిజన్ జూసే మిషన్ ఒక్క వేలికే పెడ్తరంట. గిదొక్కటి సాలు. తక్కినయి ఉండనియ్."

"ఒప్పుకోకపోతే?"

"నాకు ఫోన్ కొట్టు. నేనొచ్చి మాట్లాడ్త," అంటూ విసుగ్గానే ఆమె చిన్న ఫోన్‌లో నా నంబర్ ఎక్కించాను.

ఆమె బ్లేడును కాగితంలో చుట్టి, మిగిలిన వేళ్లను చూసుకుంది. "పోరి ఏడ్వదిగ," అంది.

ఆ ఫోన్ రాలేదు. తెలియని నంబర్ కనిపిస్తే ఇదివరకు వెంటనే కట్ చేసేదాన్ని. ఇప్పుడు ఎంత అలసిపోయి ఉన్నా ఎత్తుతున్నాను.