తొట్టి దగ్గర తంగు బిగించింది ఎవరు?

దయ్యాలు, ఆత్మలు, గాలి సోకడం లాంటి మాటలు ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. ఇది చదివి "మీరూ నమ్మడం మొదలుపెట్టారన్నమాట" అని ఎవరైనా అంటే ఒప్పుకోను. జరిగింది జరిగినట్టు చెబుతాను. చీకట్లో జరిగింది కాదు. పొద్దున్నే, ఎండలో, పిల్లలందరూ చూస్తుండగా జరిగింది.

దేవరయాంజాల్ దాటి శామీర్‌పేట వైపు వెళ్తే రాజిరెడ్డిగారి మామిడితోట వస్తుంది. చుట్టూ ఉన్న ఆయన పొలమంతా ప్లాట్లయిపోగా మిగిలిన ఆరెకరాలు. అక్కడ ఆయన వేసవిలో పిల్లల క్యాంపు నడుపుతాడు. కౌకూర్, యాప్రాల్, నాగారం కాలనీల నుంచి పిల్లలు వస్తారు. ఈత, మట్టిబొమ్మలు, గుర్రపు స్వారీ. స్వారీ నేర్పేది నేను. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ గుర్రపు దళంలో నేర్చుకున్న విద్య, ఉద్యోగం మానేశాక అన్నం పెట్టింది.

గుర్రాలను చూసుకునేది ఖాజా చాచా. అరవై దాటిన మనిషి. బొల్లారం వైపు పెళ్లి ఊరేగింపుల గుర్రాలతోనే ఆయన బతుకంతా గడిచింది. చాందినీ అనే తెల్ల ఆడగుర్రాన్ని తోటకు తెచ్చింది ఆయనే. "ఎంతమంది పెండ్లికొడుకుల్ని మోసిందో గిది. గాళ్ల కంటె పిల్లలే నయం సార్, ఏడ్వరు," అనేవాడు.

ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. ఇక్కడ జరిగిందంతా దాని చుట్టే ఉంది.

జీను జారకుండా గుర్రం పొట్ట కింద నుంచి బిగించే తోలు పట్టీని తంగు అంటారు. తంగు బిగించేటప్పుడు గుర్రం గాలి పీల్చి పొట్ట ఉబ్బిస్తుంది. నాలుగడుగులు నడిచాక ఊపిరి వదులుతుంది. అప్పుడు తంగు వదులవుతుంది. అందుకని రెండోసారి బిగించాలి. చాందినీకి మొదట మూడో రంధ్రం దాకా వస్తుంది. రెండోసారి ఐదో రంధ్రం దాకా.

చాచా పిల్లను ఎక్కించి నీళ్ల తొట్టి దాకా నడిపించేవాడు. అక్కడ ఆపి, "ఊపిరి ఇడువ్ బిడ్డా, ఇడువ్," అని గుర్రం మెడ నిమిరేవాడు. పిల్ల కాలిని అరచేత్తో కాస్త ముందుకు జరిపి, జీను అంచు ఎత్తి, రెండు రంధ్రాలు లాగేవాడు. ఎంతమంది ఎక్కితే అన్నిసార్లు. ఒక్కసారీ మానలేదు.

మొదటి వేసవి చివరి రోజు తల్లిదండ్రులను పిలిచాం. అందరూ ఫోన్లు పట్టుకుని కంచె వెంట నిలబడ్డారు. ప్రతి పిల్లకీ తొట్టి దగ్గర ఆగితే చూడటానికి బాగుండదని నాకు అనిపించింది. ఈ రోజు తొట్టి దగ్గర ఆగడం వద్దని చాచాకు చెప్పాను.

"సార్, రెండోపాలి బిగియ్యకుంటె జీను తిరుగుతది."

"నాకు తెలుసు. చాందినీని నేను చూసుకుంటా. నువ్వు మిగతావాటిని చూడు."

మైత్రి అని కౌకూర్ పాప, ఎనిమిదేళ్లది. తంగు నేనే బిగించాను, నేనే ఎక్కించాను, తాడు నేనే పట్టుకున్నాను. ఆగకుండా పరుగు నడక పెట్టించాను. రెండో మలుపులో జీను పక్కకు తిరిగింది. పాప మోచేయి విరిగింది.

వాళ్ల నాన్న కంచె దూకి వచ్చి "ఎవరు కట్టారండీ ఇది?" అని అరిచాడు. నేను చాచా వైపు చూపించాను. ఆలోచించి చేసిన పని కాదు. కానీ చెయ్యి లేచింది నాదే. తర్వాత దాన్ని దించుకోవడానికి నాకు చాలా సమయం దొరికింది. దించుకోలేదు.

చాచా నన్ను చూశాడు. వెళ్లి చాందినీ జీను విప్పాడు. ఆ సాయంత్రం రాజిరెడ్డిగారు ఆయనను పంపేశారు. సంచి సర్దుకుని గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. తిడతాడనుకున్నాను. "చాందినీకి ఎడమపక్క జీను కింద పుండు లేస్తాంది. పసుపు పెట్టుండ్రి," అని వెళ్లిపోయాడు.

చలికాలంలో ఆయన కూతురు నస్రీన్ ఫోన్ చేసింది. నాయినకు బాగాలేదని, చాందినీని ఒక్కసారి చూస్తానంటున్నాడని. చూద్దాం అన్నాను. ఆ మాటకు అర్థం ఏమిటో మనందరికీ తెలుసు. కొన్నాళ్లకు పోయాడని తెలిసింది. పలకరించడానికీ వెళ్లలేదు.

మళ్లీ వేసవి వచ్చింది. ఇక గుర్రాల పని కూడా నేనే. మొదటి రెండు రోజులు తొట్టి దగ్గర ఆగి రెండోసారి బిగించాను. మూడో రోజు ఏదో ఫోన్ వస్తే మాట్లాడుతూనే ఒక బాబును ఎక్కించి నడిపించాను. తొట్టి దగ్గరకు రాగానే చాందినీ ఆగిపోయింది. లాగినా కదల్లేదు.

ఇందులో వింతేమీ లేదు. గుర్రానికి అలవాటు ఎముకల్లో ఉంటుంది. ఫోన్ జేబులో పెట్టి తంగు చూడబోయాను. పట్టీ కిందకు నా వేలు దూరలేదు. ఐదో రంధ్రంలో ఉంది.

నేను పెట్టింది మూడో రంధ్రం. పొరబడ్డానేమో అనుకుంటుండగా పైనుంచి ఆ బాబు అడిగాడు. "సార్, నా కాలు ఎందుకు జరిపారు?"

అప్పటిదాకా నేను గుర్రం తల దగ్గరే ఉన్నాను, ఒక చేతిలో తాడు, ఒక చేతిలో ఫోన్. మిగతా పిల్లలు కంచె అవతల వరసగా కూర్చుని ఉన్నారు.

ఆ మధ్యాహ్నం ఒక్కడినే జీను మీద తవుడు బస్తా కట్టి చూశాను. మూడో రంధ్రంలో పెట్టి అక్కడ తెల్ల దారం కట్టాను. తొట్టి దగ్గర చాందినీ ఆగింది. తంగు మాత్రం మూడులోనే ఉంది. ఇంకో పది అడుగులకు జీను తిరిగి బస్తా కింద పడింది. తవుడంతా నేలపాలైంది, చాందినీ తీరిగ్గా తినేసింది. నేను నవ్వుకున్నాను. చూశావా, ఏమీ లేదు అనుకున్నాను.

తర్వాత చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. మర్నాడు మళ్లీ తెల్ల దారం కట్టి ఒక పాపను, కావాలనే, వదులు తంగు మీద ఎక్కించాను. తెలుసుకోవాలన్న పంతం. ఒకసారి ఒక పిల్ల చెయ్యి విరగ్గొట్టినవాడిని, తెలిసి తెలిసి మళ్లీ అదే పని చేశాను. గుర్రం పక్కనే, పట్టీ మీద కన్ను పెట్టి నడిచాను. తొట్టి దగ్గర చాందినీ ఆగింది. ఒక తుమ్మెద నా ముఖం మీదికి వస్తే తల తిప్పాను. అంతే సేపు. మళ్లీ చూసేసరికి పట్టీ ఐదులో ఉంది, నా తెల్ల దారం కింద మట్టిలో పడి ఉంది. పాప కాలు ముందుకు జరిగి ఉంది.

ఎండకు తోలు బిగుసుకుంటుందని నాకు చెప్పకండి. తోలు బిగుసుకుంటే పట్టీ కురచవుతుంది, కొక్కెం ఒక రంధ్రంలోంచి ఊడి రెండు రంధ్రాలు దాటి మళ్లీ గుచ్చుకోదు. పిల్లల అల్లరి అనీ చెప్పకండి. మనిషి కూర్చుని ఉండగా తంగు లాగాలంటే నా బలమే చాలదు, మోకాలు ఆనించి లాగాలి.

రెండో వారంలో మైత్రి వచ్చింది. మోచేతి మీద ఆపరేషన్ గీత కనబడుతోంది. వాళ్ల నాన్న నన్ను చూసి చేతులు జోడించాడు. "ఆ ముసలాయన్ని తీసేశారంట కదండీ. మంచి పని చేశారు. మీరున్నారనే మళ్లీ పంపిస్తున్నానండీ."

నేను తల ఊపాను. ఏ మనిషైనా ఆ క్షణంలో నోరు విప్పాలి. నేను తల ఊపాను.

మైత్రి చుట్టూ చూసింది. "చాచా ఏడీ?"

"లేరమ్మా," అన్నాను.

జీను వేశాను. ఎక్కించాను, నడిపించాను. వాళ్ల నాన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. తొట్టి దగ్గర చాందినీ ఆగినప్పుడు గానీ నాకు గుర్తు రాలేదు, రెండోసారి బిగించలేదని. పరుగున పక్కకు వెళ్లాను. ఐదో రంధ్రం.

మైత్రి తన కాలిని చూసుకుంటోంది. తర్వాత నన్ను చూసింది. భయపడలేదు.

"ఆ రోజు చాచా అసలు నా దగ్గరికే రాలేదు," అంది. "నేను చెప్తే నాన్న వినలేదు. మీరైనా చెప్పండి."

ఏడాదిగా ఒక పిల్ల ఇంట్లో ఒంటరిగా నిజం చెబుతూ ఉంది. దాన్ని అబద్ధంగా నిలబెట్టింది నేను.

తాడు వదలకుండా వాళ్ల నాన్న నిలబడ్డ కంచె దగ్గరికి నడిచాను. రాజిరెడ్డిగారు కూడా అక్కడే ఉన్నారు. చెప్పాను. తంగు బిగించింది నేను, రెండోసారి వద్దన్నది నేను, నింద చాచా మీద వేసింది నేను.

మైత్రి వాళ్ల నాన్న కూతురి మోచేయి వైపు చూశాడు. "ఏడాదిపాటు ఆయన్ని తిట్టుకున్నామండీ ఇంట్లో," అన్నాడు. తర్వాత, "దిగమ్మా, వెళ్దాం."

"దిగను. నా రౌండ్ ఇంకా కాలేదు."

"మైత్రీ!"

"దిగను."

ఆయన నా చేతిలోంచి తాడు లాక్కున్నాడు. ఆఫీసు బూట్లతో ఆ దుమ్ములో గుర్రాన్ని తనే నడిపించాడు. మిగిలిన రౌండ్ అంతా.

రాజిరెడ్డిగారు నన్ను పక్కకు తీసుకెళ్లారు. "ఏంది సారూ, సచ్చిపోయినోని కోసం క్యాంపు ఇజ్జత్ తీస్తవా? గాయిన నిన్ను అడిగిండా?"

"అడగలేదు రెడ్డిగారూ. అడగకుండానే పోయాడు."

"మరింకేంది? ఇగ ఊకో."

ఊరుకోలేదు. తల్లిదండ్రుల గ్రూపులో ఆ మధ్యాహ్నమే అంతా రాసి పెట్టాను. నలుగురు పిల్లలను మాన్పించారు. కొందరు నన్ను తిట్టారు, తిట్టాల్సిందే. వేరే మనిషి దొరక్క రాజిరెడ్డిగారు నన్ను ఉంచారు.

సాయంత్రం నస్రీన్ ఇంటికి వెళ్లాను. గడప దగ్గరే నిలబెట్టి విన్నది.

"ఇప్పుడొచ్చి చెప్తె నేనేం జెయ్యాలె సార్? మాఫ్ జేసినా అనాల్నా? అనను." మళ్లీ తనే అడిగింది. "చాందినీకి పుండు మానిందా? నాయిన మస్తు పరేషాన్ అయ్యిండు దాని కోసం."

మానిందని చెప్పాను. పసుపు పెట్టడం మొదలుపెట్టింది ఆయన వెళ్లిన పదిహేను రోజులకు, పుండు ముదిరాక అని కూడా చెప్పాను. ఆ రోజు ఇంకో అబద్ధం ఆడే ఓపిక నాకు లేదు.

ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన పేరు ఆయనకు తిరిగి ఇచ్చేశాను కాబట్టి లెక్క సరిపోయిందని. నిజం చెప్పాలంటే ఆశపడ్డాను కూడా, ఇక నా జోలికి రాడని.

ఆ వారం చివర మబ్బు పట్టింది. వాన వచ్చేలోపు ఒక బాబును ఒక చుట్టు తిప్పుదామని తొందరపడ్డాను. మళ్లీ మరిచాను. అవును, అంత జరిగాక కూడా. తొట్టి దగ్గర చాందినీ ఆగింది. "కాలు నొప్పి పెట్టలేదు సార్, మెల్లగానే జరిపారు," అన్నాడు ఆ బాబు, నేను అడగకుండానే. పట్టీ ఐదులో ఉంది.

అప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. అది నిజంగా ఆయనే అయితే, నా మీద కోపంతో రాలేదు. నన్ను ఒప్పించడానికో ఏడిపించడానికో రాలేదు. నేను చెప్పినా చెప్పకపోయినా ఆయనకు ఒకటే. తవుడు బస్తా కోసం రాలేదు. పిల్ల ఉన్నప్పుడే, నేను మరిచినప్పుడే. అసలు నా కోసం రానే లేదు.

సంగతి విని రాజిరెడ్డిగారు ఒక రోజు పూజ చేయిద్దామన్నారు, ఒక రోజు దర్గాలో చాదర్ కప్పిద్దామన్నారు. మంత్రాలేసే మనిషిని పిలిచి గేటుకు నిమ్మకాయలు కట్టిస్తానన్నారు. కట్టనివ్వలేదు. ఎవరిని తరమాలి? ఆ తోటలో తన పని సరిగ్గా చేస్తున్న ఒకే ఒక్కడినా? కడితే నేను పని మానేస్తానని చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నారు.

మళ్లీ చెబుతున్నాను, నేను దయ్యాలను నమ్మను. ఇది ఏమిటో నాకు తెలియదు, అంతే. తెలియదని చెప్పడానికి సిగ్గుపడను.

ఇప్పుడు ప్రతిసారీ తొట్టి దగ్గర ఆగుతాను. ఊపిరి విడువు బిడ్డా అని గుర్రానికి చెబుతాను. పిల్ల కాలు జరిపి రెండోసారి నేనే బిగిస్తాను. అప్పటి నుంచి ఏమీ జరగలేదు. ఆయన ఇంకా అక్కడ ఉన్నాడా అని చాలామంది అడుగుతారు. తెలుసుకోవడానికి నాకు ఒకటే దారి ఉంది. ఒక బిడ్డను వదులు తంగు మీద ఎక్కించి చూడాలి.

ఆ పని మళ్లీ చెయ్యను. తెలియకుండానే ఉండిపోతాను.