వేపాకు తాడు

ప్రాణహిత ఇసుక దాటి సిరొంచ చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటలు. వైశాఖం ఎండ. గోదావరి మీద ఆనకట్టల పనులు నడుస్తున్న రోజులవి. హవల్దారుతో కలిపి నలుగురు సిపాయిలం. మనిషికో తుపాకీ, నలభై తూటాలు, ఒక దుప్పటి, తోలు నీళ్ల సంచి. హుకుం చిన్నదే. రేగుంట అవతల ఒక అడవి పల్లెలో పాదిరి దొర బావి తవ్విస్తున్నాడు, రాయి పేల్చే తుపాకిమందు పీపాలు అతని దగ్గరున్నాయి, వాటికి కాపలా కాయాలి.

మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి పల్లె చేరాం. మేం వెళ్లేసరికే బావిలో నీళ్లు పడ్డాయి. అడుగున రాయి కనబడేంత తేట నీళ్లు. తాగేవాళ్లే లేరు. ఊళ్లో గత్తర తగిలింది. వాంతులు, విరేచనాలతో రెండు రోజుల్లో ఇద్దరు పోయారు. పల్లె చుట్టూ వేపాకులు గుచ్చిన తాడు కట్టేశారు. తొమ్మిది రోజులు ఎవరూ లోపలికి పోకూడదు, ఎవరూ బయటికి రాకూడదు. బావి తాడుకు ఇవతల, మిట్ట మీద ఉంది. వాగు తాడుకు అవతల ఉంది. జనం ఆ వాగు నీళ్లే తాగుతున్నారు.

గత్తర ఆ వాగు నీటిలోనే ఉందని పాదిరి నమ్మకం. తన దేశపు చర్చి జనం పంపిన సొమ్ముతో ఇంత దూరం వచ్చి బావి తవ్వించిన మనిషి. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడు. "తల్లీ, ఈ జలము త్రాగుడి, బ్రతుకుదురు" అని తాడు దగ్గర నిలబడి అరిచేవాడు. మేం ముసిముసిగా నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

చివరికి ఆ ఊరి పెద్దమ్మ మల్లక్క తాడు దగ్గరికి వచ్చింది.

"మనుషులు దాటొద్దు గని, నీళ్లకేం కట్టడి లేదు దొరా. వెదురు చీల్చి పెట్టుండ్రి. నీళ్లే ఊర్లెకు వస్తయి."

ఎట్లా చేయాలో ఆమే చెప్పింది. బొంగుల్ని నిలువునా చీల్చి, కణుపులు కొట్టేసి, పంగల కర్రల మీద వరసగా పేర్చి, నీళ్లు పారే దొన్నె కట్టాం. సాయంత్రం నాలుగింటికి బావి నీళ్లు తాడు కింది నుంచి ఊళ్లోకి పారాయి. మేం చేది దొన్నెలో పోసేవాళ్లం. పది అడుగులు వెనక్కి జరిగితే అవతలి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కుండ నింపుకొని పోయేవారు. మూడు రోజులు ఊళ్లోంచి ఏడుపు వినపడలేదు. పాదిరి మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేశాడు. మా హవల్దారు కూడా టోపీ తీశాడు.

ఆ మూడో రోజు మూడు గంటలకు కాపలా నాది. మల్లక్క కోడలు పోశవ్వ కుండతో వచ్చింది. నడక తూలుతోంది. కుండ పెట్టబోయి అలాగే కుప్పకూలింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. నేను తుపాకీ కింద పడేసి తాడు దాటాను. ఆమెను లేపి కూర్చోబెట్టి, దోసిలితో నీళ్లు పట్టాను. రెండు గుక్కలు మింగింది.

తల ఎత్తితే ఎదురుగా మల్లక్క. ఆమె ముఖంలో కోపం లేదు, భయం ఉంది.

"దాటినవ్ గద బిడ్డా. ఇగ ఆడనే ఉండు. లోపలికొచ్చినోడు తాడు ఇప్పేదాంక లోపలనే ఉండాలె. బయటికి పోయినవంటె కట్టు తెగుతది."

వెనకనుంచి హవల్దారు కేక. "వాపస్ రా! ఇది హుకుం!"

"ఉండు బిడ్డా, నీ కాల్మొక్త" అంది మల్లక్క.

నా కాళ్లు ఆర్డరుకు అలవాటు పడ్డ కాళ్లు. ఆలోచించకుండానే వెనక్కి తిరిగి తాడు దాటి బయటికొచ్చాను.

గంటలోపు ఊరివాళ్లు కొత్త వేపాకులు గుచ్చి తాడు మళ్లీ కట్టారు. లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. దొన్నె కింద కుండలన్నీ తీసేశారు. పాదిరి చేతులు జోడించాడు.

"నీరు ఏ దోషమును చేయలేదు, తల్లీ!"

"నీళ్లు మంచియే దొరా. దారి ఖరాబైంది. ఈ దారి పొంటి ఇగ ఏం రావొద్దు."

నేను తాడు దగ్గర మోకరిల్లాను. "అవ్వా, మళ్లీ లోపలికొస్తాను. తొమ్మిది రోజులూ ఉంటాను."

"అప్పుడు ఉండుమంటె పోతివి బిడ్డా. ఇప్పుడొస్తే ఏమున్నది?"

ఊరు మళ్లీ వాగుకు పోయింది. రెండో రోజు పొద్దున ఒక ఇంట్లో ఏడుపు లేచింది. సాయంత్రానికి ఇంకో ఇంట్లో. రెండోది పోశవ్వ కోసం. నన్ను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

మర్నాడు బదిలీ జట్టు వచ్చింది. ఆరు గంటలకు బయలుదేరాం. పాదిరి ఒక్కడే బావి గట్టు మీద ఉన్నాడు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి. అయినా చేదుతున్నాడు, దొన్నెలో పోస్తున్నాడు, ఎవరైనా రాకపోతారా అని.

ఇంటికొచ్చి ఏళ్లయింది. యుద్ధంలో ఏం చూశావని పిల్లలు అడుగుతారు. నేను యుద్ధం చూడలేదు. చెంబులో మిగిలిన నీళ్లు ఎవరైనా పారబోస్తే కేకలేస్తాను, పిసినారి ముసలాడని నవ్వుతారు. వాళ్లకేం తెలుసు? నాకు కనబడేది ఆ వెదురు దొన్నె చివర. తేట నీళ్లు ధారగా పడుతూనే ఉన్నాయి. కుండలుండే చోట నేలకు చిన్న గుంట పడింది. ఆ గుంట నిండి, నీళ్లు మట్టిలోకి ఇంకిపోతున్నాయి.