వజ్రాల చేలో నా రెండు గంటల నడక

బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్లు నిలబడే బతికినవాణ్ణి. కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు. అట్లాంటిది రిటైరైన మరుసటి ఏడు ఒకరోజు, జొన్నల మూట సైకిలు మీద పెట్టుకొని పిండిమరకు తోసుకుపోతూ దారిలోనే కూలబడ్డాను. ఎడమ దవడ లాగింది. వీపంతా చెమట. గ్యాసే అనుకొని సోడా తాగి, మూట మరలో పడేసి ఇంటికొచ్చాను.

"ఏమప్పా, ఎండ కూడా లేదు, ఇట్ల తడిసిపోయినావు?" అంది నా భార్య సుంకమ్మ.

"ఏం లేదులే, గ్యాసు."

"గ్యాసుకు మొగం నల్లబడతాదా? లెయ్, ఆస్పత్రికి పోదాం."

ఆమె లాక్కుపోకపోతే ఇది రాయడానికి నేనుండేవాణ్ణి కాదు. అనంతపురంలో ఈసీజీ తీయించి చూసిన డాక్టరమ్మ వయసులో చిన్నది, మాటలో గట్టిది. "చిన్నదే పెద్దాయనా, కానీ హార్ట్ అటాకే" అంది. బెంగళూరు పంపితే యాంజియోగ్రామ్ చేసి ఒక స్టెంట్ వేశారు. తిరిగొచ్చాక డాక్టరమ్మ చెప్పిన మాట ఇది: "మాత్రలు సగం పనే చేస్తాయి. మిగతా సగం మీ కాళ్లు చెయ్యాలి. పది నిమిషాలతో మొదలుపెట్టి, రోజూ నలభై నిమిషాలు ఆగకుండా నడవండి."

ఓస్ ఇంతేనా అనుకున్నాను. ఎంత కష్టమో మూడో రోజుకే తెలిసింది.

మాది వజ్రకరూరు దగ్గర పల్లె. మా వైపు ఊరికే నడిచే మనిషి ఉండడు. చేనికి పోతాడు, గొర్రెల వెంట పోతాడు, బస్సుకు పోతాడు. నేను రోడ్డెక్కగానే సైకిలు షాపు ఖాసిం పలకరించాడు.

"యాడికన్నా పొద్దున్నే?"

"ఊరికే నడుస్తాండా."

"ఊరికే ఎవరన్నా నడుస్తారా? వదినతో గలాటా అయిందా ఏమి?"

మర్నాడు ఒకాయన ట్రాక్టరు ఆపి ఎక్కమన్నాడు. వద్దంటే, తన బండి నాకు తగదా అన్నట్టు మొహం మాడ్చుకొని పోయాడు.

ఊరివాళ్లను అని ఏం లాభం, నా భయం నాకుంది. వంద అడుగులు వేసేసరికి గుండె దడదడలాడేది. నడిచినందుకు కొట్టుకుంటోందా, ఆగిపోవడానికి కొట్టుకుంటోందా? మణికట్టు పట్టుకొని నడిరోడ్డు మీద నిలబడేవాణ్ణి. ఇంటికొస్తే సుంకమ్మ. "స్టెంటు వేసిన గుండెప్పా అది. అదిరితే జారిపోదా? పండుకో." మూడు వారాలకు నడక మానేశాను. పడుకుంటే లేవాలనిపించేది, లేస్తే గడప దాటబుద్ధి అయ్యేది కాదు. ఇంట్లోనే తిరిగి తిరిగి మళ్లీ మంచం మీద పడేవాణ్ణి.

ఆ ఏడు వాన ఆలస్యంగా పడింది. మా ఎర్రనేలల్లో వాన పడితే మట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలతాయి. వజ్రం దొరుకుతుందని ఎక్కడెక్కడివాళ్లో సద్దిమూటలతో వచ్చి చేలల్లో వెతుకుతారు. నేనూ దిగాను. ఆ రోజుల్లో తల వంచుకొని తిరిగేవాణ్ణి ఎక్కడికని ఎవరూ అడగరు. రోజూ పొద్దున రెండు గంటలు. డాక్టరమ్మ చెప్పినదానికి మూడింతలు! క్యాలెండరులో గీతలు కూడా పెట్టాను. గుండె దడ ఒక్కనాడూ రాలేదు. నయమైపోయిందని నమ్మాను.

ఆ గర్వంతోనే చెకప్‌కు పోయాను. టీఎంటీ అని, కదిలే పట్టా మీద నడిపించి గుండెను చూసే పరీక్ష చేశారు. నాలుగో నిమిషానికే రొప్పుతూ ఆపమన్నాను.

"రోజూ నడుస్తున్నానన్నారు?" అంది డాక్టరమ్మ.

"రెండు గంటలమ్మా! క్యాలెండరు తెచ్చినా, చూడు."

"ఎలా నడుస్తారో ఒకసారి చూపించండి."

వరండాలో చూపించాను. ఒక అడుగు వేసి ఆగాను. కర్రతో రాయి తిప్పినట్టు తిప్పాను. వంగి చూశాను, లేచాను, ఇంకో అడుగు వేశాను. బెంచీ మీద కూర్చున్న రోగులు నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది కానీ, వెంటనే ఆపేసింది.

"ఇది నడక కాదు పెద్దాయనా. ఈ రెండు గంటలూ మీ గుండె కూర్చొనే ఉంది. ఇలాగే ఉంటే మళ్లీ బెంగళూరే. ఈసారి స్టెంట్‌తో సరిపోతుందని నేను చెప్పలేను."

తిరుగు బస్సులో నా మీద నాకే మండింది. టికెట్టు లేనివాణ్ణి మొహం చూసి పట్టేవాణ్ణి, నన్ను నేను పట్టుకోలేకపోయాను. ఒంటి కోసం నడవడం నాకు సిగ్గు. ఒళ్లున్నది పని చేయడానికే అనుకొని బతికిన మనిషికి, పని లేని నడక సోమరితనంలా కనిపించింది. ఆ సిగ్గుకు వజ్రాన్ని అడ్డం పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే సుంకమ్మతో అన్నాను. "రేపట్నుంచి నువ్వూ రా."

"ముసలి మొగుడూ పెండ్లాం రోడ్డెంబడి తిరిగితే నవ్వరా?"

"నవ్వనీ."

ఆమె కళ్లొత్తుకుంటూ అంది. "నేను పండుకోమనింది ఎందుకనుకున్నావు? నీ దగ్గర సెల్లు కూడా లేదు. యాడో పడిపోతే నాకెవరు వచ్చి చెప్తారు?" ఇన్ని నెలలు ఆమె ఎంత భయంతో ఉందో నాకు అప్పటిదాకా తట్టలేదు. చాలా సిగ్గుపడ్డాను.

మర్నాటి నుంచి పది అడుగుల వెనక నడిచింది. డాక్టరమ్మ ఒక గుర్తు చెప్పింది: నడుస్తూ మాట్లాడగలిగితే భయం లేదు, పాట పాడగలిగితే వేగం చాలదు, ఛాతీ పట్టినా మాట రాకపోయినా వెంటనే ఆగాలి. అందుకని సుంకమ్మ దారంతా నన్ను మాట్లాడిస్తూనే ఉండేది. రెండో నెలకు ఆమే ముందు, నేను వెనక. ఖాసిం మళ్లీ యాడికని అడిగితే, "యాడికీ లేదు, నీ పని చూసుకో" అంది.

ఇది జరిగి ఐదేళ్లు. ఎండాకాలం మానేశాను, మళ్లీ మొదలుపెట్టాను, అలా చాలాసార్లు అయింది. మొన్నటి టీఎంటీలో తొమ్మిది నిమిషాలు నడిచాను. తోటి పెద్దవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: మీరు నడుస్తుంటే ఇంట్లో ఎవరు ఎక్కువ భయపడతారో, వాళ్లనే వెంట తీసుకుపోండి.

పోయిన వారం వాన పడిన మర్నాడు, రోడ్డు పక్కన ఎర్రమట్టిలో ఏదో తళుక్కుమంది. నా అడుగు నెమ్మదించింది.

"చూసినావా?" అంది సుంకమ్మ.

"చూసినా."

"నేనూ చూసినా. ఇంకా పదైదు నిమిషాలుండాది, నడువు."

అది గాజుపెంకో, వజ్రమో మాకు తెలియదు.