లోపలి మెరుపు

మాది కామారెడ్డిలో చిన్న దుకాణం. పెళ్లి జాకెట్ల మీద జరీ, పూసలు కుట్టే మగ్గం పని. మా నాన్న, అబ్బా దగ్గర నేర్చుకున్నాను. ఇన్నేళ్లలో నా దగ్గరికి ఒంటరిగా వచ్చిన మగవాళ్లు తక్కువ. అందుకే ఒక మధ్యాహ్నం ఎవరో పెద్దమనిషి వచ్చి, జేబులోంచి చిన్న గాజు సీసా తీసి మగ్గం చట్రం మీద పెడితే నాకు మంచిగా అనిపించలేదు.

సీసాలో స్పిరిట్, అందులో బియ్యపు గింజంత పురుగు. దాని పక్కన చిన్న గాలపు కొక్కేల పొట్లం కూడా పెట్టాడు.

"అచ్చం ఇట్లనే కట్టాలె భాయ్, ఈ కొక్కేలకు. చూస్తే ప్రాణమున్నదనుకోవాలె" అన్నాడు.

హైదరాబాద్ నుంచి వచ్చాడట. హిమాలయాల వైపు పోయి చల్లటి నదుల్లో ట్రౌట్ చేపలు పట్టడం ఆయన సరదా. ఈ పురుగు పేరు కాడిస్. నీళ్లలో రాళ్లకు ఇసుక గూడు కట్టుకొని ఉంటుంది. రెక్కలు తయారయ్యే వేళకు గూడు కొరికి పైకి ఈదుతుంది. ఆ దశను ప్యూపా అంటారట. చేపలు దానికోసమే కాచుకొని ఉంటాయి. దారాలతో, వెంట్రుకలతో దాని నకలు చేసి గాలానికి కడితే చేప మోసపోతుంది. ఇంతవరకు అర్థమైంది. వెళ్తూ వెళ్తూ ఆయన అన్న మాటే అర్థం కాలేదు.

"ఎవ్వరికి చూపియ్యకు. ఫోటో గూడ తియ్యకు."

పురుగు బొమ్మకు ఇంత గుట్టెందుకు? నా చేతిపనిని ఇంకెందుకో వాడుకోవడానికి ఈ చేపల కథ చెబుతున్నాడా?

మా ఇంటామె కూడా అదే అన్నది. "పేరు సుత చెప్పలే, ఉత్త ఫోన్ నంబర్ ఇచ్చిండు. చేపల కోసం గింత దూరం ఎవలన్న వస్తరా?"

కానీ నా చేతులు ఊరుకోలేదు.

మొదట పట్టుదారం చుట్టాను. పొడిగా ఉన్నప్పుడు అచ్చు గుద్దినట్టే ఉంది. నీళ్లలో వేయగానే లవంగంలా నల్లబడింది. గొర్రె ఉన్ని చుడితే ఉబ్బి పత్తికాయలా తయారైంది. చివరికి ఆస్పత్రిలో వాడే రబ్బరు గ్లౌజును సన్నటి పట్టీలుగా కోశాను. తోక దగ్గర గట్టిగా లాగి, నడుమ దగ్గర వదులు చేస్తూ, ఒక చుట్టు మీద ఒకటి సగం ఎక్కేలా చుడితే పురుగు పొట్ట మీది మడతలు వచ్చాయి. కాళ్లకు మేక వెంట్రుకలు పెట్టాను. అయినా గ్లాసు నీళ్లలో వేస్తే చచ్చిన పురుగులాగే ఉంది. మెరవాలని పైన వార్నిష్ రాశాను. ఇంకా అన్యాయంగా తయారైంది.

అప్పుడు సీసాలోని పురుగు మీదే అనుమానం వచ్చింది. అదీ చచ్చిందే కదా, స్పిరిట్‌లో నాని రంగు పోయిందే కదా. దాన్ని చూసి బతికున్న పురుగును ఎట్లా కట్టేది? ఫోన్ చేస్తే ఆయన, "పారే నీళ్లల్ల, రాళ్ల కింద వెతుకు, దొరుకుతది" అన్నాడు.

దుకాణానికి సెలవు పెట్టి ఎల్లారెడ్డికి ఒక బస్సు, అక్కడి నుంచి నాగిరెడ్డిపేటకు మరో బస్సు ఎక్కాను. పోచారం ప్రాజెక్టు నిండి అలుగు దుంకుతున్న రోజులు. కింద వాగులో ప్యాంటు మడిచి దిగి, రాళ్లు తిరగేయడం మొదలుపెట్టాను. నాలుగో రాయికి ఇసుక గూళ్లు అంటుకొని ఉన్నాయి.

"నీళ్లల్ల ఏం కలుపుతున్నవ్?"

ఒడ్డు మీద నా వయసువాడే ఒకతను, భుజాన వల, చేతిలో గాలం. వెనుక వాళ్లమ్మ, చంకలో చేపల గంప. అతను దిగి వచ్చి, నేను పోల్చి చూడ్డానికి తెచ్చుకున్న స్పిరిట్ సీసా గుంజుకున్నాడు. మూత తీసి వాసన చూసి, "మందే" అన్నాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. "పోయినేడు ఎవడో గిట్లనే మందు కలిపితే చేపలన్ని తేలినయి. ఎవలు పంపిండ్లు నిన్ను?"

పంపినవాడి పేరు నాకే తెలియదు. పురుగుల కోసం వచ్చానన్నాను. ఆ మాట నా చెవులకే అబద్ధంలా వినిపించింది.

"పురుగుల కోసం కామారెడ్డికెల్లి వచ్చినవా?"

సంచిలోంచి డబ్బా తీసి నేను కట్టినవి చూపించాను. అవ్వ ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"ముట్టకే అమ్మా, దానికేం పూసిండో" అన్నాడు కొడుకు.

ఆమె వినలేదు. డబ్బా మూతలో నీళ్లు పట్టి నాది అందులో వేసింది. నేను ఒక గూడు విప్పి, లోపలి పురుగును దాని పక్కన వదిలాను. అది తెడ్లు వేసినట్టు కాళ్లాడిస్తూ ఈదింది. దాని పొట్ట వెండిలా మెరుస్తోంది.

"నీది పీనుగ లెక్కున్నది" అన్నది అవ్వ. "దాని తోలు కింద గాలున్నది, సూడు. మెరుపు పైన లేదు బిడ్డా, లోపటున్నది."

దారాల డబ్బా నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. అక్కడే బండ మీద కూర్చొని, కొక్కేన్ని పట్టకారుతో పట్టుకొని, ముందు వెండి జరీ చుట్టాను. దాని మీద లేత ఆకుపచ్చ పట్టుపోగు ఎడమెడంగా, ఆపైన గ్లౌజు పట్టీ. పనంతా అయ్యేదాకా అతను నా చేతుల మీది నుంచి చూపు తిప్పలేదు. నీళ్లలో వేస్తే మెరుపు లోపలి నుంచి వచ్చింది.

అతను దాన్ని తన గాలం దారానికి కట్టి మడుగులో వదిలాడు. ఒక చిన్న పరక చేప వచ్చి అందుకుంది, వెంటనే వదిలేసింది. అతని ముఖంలో అనుమానం తగ్గుతుందనుకున్నాను. దాని బదులు ఇంకో అనుమానం వచ్చి కూర్చుంది.

"అయితే పట్నపోళ్లు గివి పట్టుకోని ఈడికే వస్తరు."

"లేదన్నా, ఆయన పట్టేది చలి కొండలల్ల."

"నీకెట్ల తెలుసు?"

ఆయన చెప్పిందే తప్ప నాకేం తెలుసు? అతను స్పిరిట్‌ను నీళ్లకు దూరంగా ఒంపి, ఖాళీ సీసా ఇచ్చాడు. నా నంబరు రాసుకొని, తనది చెప్పి, బస్సు ఎక్కేదాకా నా వెంటే వచ్చాడు.

పన్నెండు కట్టి పెట్టాను. పెద్దమనిషి వచ్చి ఒకదాన్ని నీళ్లలో వేసి చాలాసేపు చూశాడు. గుట్టెందుకని అడిగేశాను. చేపలు పట్టే తోటివాళ్లు నమూనాలు ఎత్తుకుపోతారట, అంతేనట. నదిలో నిలబడి తీయించుకున్న ఫోటోలు చూపించాడు. పోచారం వైపు రావద్దని అడిగితే సరేనన్నాడు. నమ్మాలనే ఉంది నాకు.

అప్పుడప్పుడు నాగిరెడ్డిపేటలోని ఆ చేపలతనికి ఫోన్ చేస్తాను, అక్కడికి కొత్తవాళ్లెవరైనా వచ్చారా అని.

"ఎవ్వరు రాలే" అంటాడు అతను. వెంటనే, "ఎందుకడుగుతున్నవ్?" అంటాడు.